ప్రమాణం చెయ్యని ఊరు

చిత్తూరు చుట్టుపక్కల, బాహుదా నది పారే మేరలో ఒక చిన్న ఊరు ఉండేది. ఎండాకాలంలో మామిడి, చలికాలంలో బెల్లం. ఊరి బతుకంతా మండీల చుట్టూ తిరిగేది. ఆ ఊళ్లో రిటైరైన హెడ్ కానిస్టేబుల్ ఒకాయన ఉండేవాడు. చంద్రగిరి, పుత్తూరు, పలమనేరు, ఎక్కడికి బదిలీ అయినా ఆయన చేసింది స్టేషన్ రైటరు పనే. ఫిర్యాదులు, వాంగ్మూలాలు, పంచనామాలు రాసి రాసి, మనిషి ఏ మాట దగ్గర తడబడతాడో, ఏ సంగతి దాటేసి ముందుకు పోతాడో ఆయనకు ఇట్టే తెలిసిపోయేది. ఊరు ఆయన్ను రైటరయ్య అని పిలిచేది. రిటైరయ్యాక మళ్లీ పోలీసు వ్యవహారాల్లో తలదూర్చకూడదని ఆయన గట్టిగా అనుకున్నాడు. రెండు ఆవులు పెట్టుకుని, అరెకరం మడి చేసుకుంటూ తన పనేదో తను చూసుకునేవాడు.

ఒక మామిడి కాలంలో మండీ గుమాస్తా శవం మండీ వెనక పాడుబడిన బావిలో తేలింది. కాలు జారి పడ్డాడని మొదట అందరూ అనుకున్నారు. శవ పంచనామా జరిగినప్పుడు తల వెనక గాయం బయటపడింది. చిత్తూరు పెద్దాసుపత్రిలో పోస్టుమార్టం చేసిన డాక్టరు, నీళ్లలో పడకముందే ప్రాణం పోయిందని రాశాడు.

హంతకుడి కోసం ఊరు పెద్దగా వెతకలేదు. ఊరి చివర ఎరుకల గుడిసెల్లో ఉండే ఒకడు మండీకి గంపలు అల్లి ఇచ్చేవాడు. రావలసిన డబ్బు కోసం వారం కిందట గుమాస్తాతో నలుగురి ముందు గొడవపడ్డాడు. ఊరికి ఆ గొడవ చాలింది. నిజానికి అది లేకపోయినా వేళ్లు అటే చూపించేవి. తెల్లవాళ్లు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. దాని కింద, దాని తర్వాతి రూపాల కింద ఎరుకలవాళ్లలాంటి ఎన్నో తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టారు. స్వతంత్రం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది, కానీ ఊళ్లవాళ్ల చూపులో అది ఇంకా మిగిలే ఉంది. ఈ సంగతి దాచిపెట్టి ఈ కథ చెప్పడం న్యాయం కాదు.

పోలీసులు గంపలవాణ్ణి పొద్దున పిలిచి సాయంత్రం వదిలేవారు. ఏమీ తేలలేదు. అప్పుడు ఊరి పెద్దలు కూర్చుని, వాడిచేత కాణిపాకంలో ప్రమాణం చేయించాలని తీర్మానించారు. ఆ ప్రాంతంలో అది కొత్త సంగతి కాదు. అప్పుల తగాదాలు, దొంగతనాలు, అన్నదమ్ముల పంపకాలు, పంచాయితీలో తెగనివన్నీ చివరికి వరసిద్ధి వినాయకుడి ముందుకే చేరేవి. కోనేట్లో మునిగి, తడిబట్టలతో స్వామి ఎదుట సత్యం చెప్పాలి. అక్కడ అబద్ధం ఆడినవాణ్ణి స్వామి వదలడని తరతరాల నమ్మకం. ఆ స్వామి వెలిసిన కథ కూడా అక్కడి పిల్లలందరికీ తెలిసిందే. ఒకడు గుడ్డి, ఒకడు చెవిటి, ఒకడు మూగ. ఆ ముగ్గురన్నదమ్ములు ఎండిన బావిని లోతు చేస్తుంటే పార రాతికి తగిలి నెత్తురు చిమ్మిందట. ఆ నెత్తురు నీళ్లు తాకగానే గుడ్డివాడికి చూపు, చెవిటివాడికి వినికిడి, మూగవాడికి మాట వచ్చాయట.

ప్రమాణానికి సాక్షిగా ఒక పెద్దమనిషి కావలసి వచ్చింది. ఊరు రైటరయ్యను అడిగింది. ఆయన ముందు వద్దన్నాడు. గంపలవాడి పెళ్లాం వచ్చి ఆయన వాకిట్లో కూర్చుంది. ఏడవలేదు, ప్రాధేయపడలేదు, ఊరికే కూర్చుంది. చీకటిపడేదాకా ఆమె లేవకపోవడంతో ఆయన సరేనన్నాడు.

గంపలవాడు కోనేట్లో మునిగి, గుమాస్తాను తాను చంపలేదని స్వామి ముందు చెప్పాడు. అందరూ విన్నారు. ఊరికి తిరిగి రాగానే, అలాంటివాళ్లకు దేవుడంటే భయం ఉండదని అనుకోవడం మొదలుపెట్టారు. మూడో రోజున పోలీసులు అతన్ని అరెస్టు చేసి కోర్టులో హాజరుపరిస్తే, రిమాండు మీద చిత్తూరు జైలుకు పోయాడు.

రైటరయ్యకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గుడిలో చేసిన ప్రమాణం కోర్టులో సాక్ష్యం కాదని ఆయనకు తెలుసు. పోలీసుల దగ్గర ఒప్పుకున్న నేరాన్ని కోర్టు ముద్దాయి మీద రుజువుగా తీసుకోదనీ తెలుసు. అప్పట్లో అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టంలోని 25వ సెక్షన్ ఆయనకు కంఠతా వచ్చు. ఆయన్ను తొలిచింది వేరే సంగతి. నమ్మదలచుకోనప్పుడు ఆ మనిషిచేత ప్రమాణం ఎందుకు చేయించారు? ఒక్కడినే ఎందుకు అడిగారు?

మర్నాడు ఆయన రచ్చబండ దగ్గరికి పోయి ఒక మాట చెప్పాడు. ఊరి మీద మచ్చ పడింది కాబట్టి గుమాస్తా చచ్చిన రాత్రి ఊళ్లో ఉన్న మగవాళ్లందరూ కాణిపాకం వచ్చి ప్రమాణం చేస్తే మచ్చ పోతుందన్నాడు. అందరూ సంతోషంగా ఒప్పుకున్నారు. చంపనివాడికి చంపలేదని చెప్పడానికి భయమేముంది? ట్రాక్టర్లు మాట్లాడుకున్నారు. కొబ్బరికాయలు కొన్నారు. మండీ యజమాని ఖర్చులకు డబ్బిచ్చాడు, ఆయన భాగస్థుడు అందరికీ టిఫిన్లు పెట్టించాడు.

కోనేటి మెట్ల దగ్గర రైటరయ్య జేబులోంచి కాగితం తీసి, చెయ్యవలసిన ప్రమాణం చదివాడు. అందులో చంపడం అన్న మాట లేదు. ఆ రాత్రి గురించి నేను చూసినదీ, విన్నదీ, నాకు తెలిసినదీ ఏదీ దాచలేదు అని మాత్రమే ఉంది.

ఎవరూ నీళ్లలోకి దిగలేదు. ఒకతనికి బంధువుల ఇంట్లో పురుడు వచ్చి మైల ఉందని అప్పుడే గుర్తొచ్చింది. ఇంకొకడు ముందురోజు రాత్రి మాంసం తిన్నానన్నాడు. జ్వరం తగ్గి రెండు రోజులే అయింది కాబట్టి తల తడపకూడదన్నాడు మరొకడు. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి అందరూ దర్శనం చేసుకుని, కాయలు కొట్టి, ప్రమాణం చెయ్యకుండా ట్రాక్టర్లెక్కారు. హంతకుడు కూడా వాళ్లలోనే ఉన్నాడు. అతను ప్రత్యేకంగా తప్పించుకోవలసిన అవసరం రాలేదు. ఊరంతా వెనక్కి తగ్గింది, వాళ్లతోపాటు అతనూ తగ్గాడు.

దారిలో రైటరయ్య ఎవరినీ ఏమీ అడగలేదు. ఇంటికి పోయి, ఆ రాత్రి నుంచి పెరటి తలుపు గడియ వెయ్యకుండా ఉంచాడు.

మొదట వచ్చింది ఒక రైతు. హత్య జరిగిన రాత్రి త్రీఫేజు కరెంటు వచ్చిన వేళకు మోటారు వెయ్యడానికి అతను తోటకు పోయాడు. లైటు వెయ్యని స్కూటరు ఒకటి మండీ వెనక సందులోకి తిరగడం చూశాడు. కానీ ఆ రాత్రి బోరు నీళ్ల వంతు తనది కాదు, పినతండ్రి కొడుకుది. చూసింది చెబితే, వంతు తప్పి నీళ్లు పెట్టుకున్న సంగతి బయటపడుతుంది. తర్వాత ఏటి ఇసుక దొంగతనంగా తోలే ట్రాక్టరు డ్రైవరు వచ్చాడు. మండీ వెనక ఇద్దరు మనుషులు తగువులాడటం అతని చెవిన పడింది. ఒక గొంతు గుమాస్తాది. రెండో గొంతు కూడా అతను గుర్తుపట్టాడు. ఆపైన ఊళ్లో సూదులు వేసే ఆర్‌ఎంపీ వచ్చాడు. మర్నాడు తెల్లవారుజామున ఒకరి అరచేతికి కుట్లు వేశాడు. ఆ పని చెయ్యడానికి తనకు అర్హత లేదు కాబట్టి నోరు విప్పలేదు.

అందరికంటే ఆఖరున గుమాస్తా తమ్ముడే వచ్చాడు. మండీలో రెండు లెక్కల పుస్తకాలు నడిచేవని, రైతుల సరుకులో ఎక్కువ తరుగు తీసి మిగుల్చుకున్నది రెండో పుస్తకంలో ఉండేదని అన్న అతనికి చెప్పాడు. ఆ సొమ్ములో భాగస్థుడు యజమానికి కూడా తెలియకుండా కొంత లాగుతున్నాడని, ఆ సంగతి బయటపెడతానని అన్నాడట. తమ్ముడు ఇదంతా ఎందుకు దాచాడంటే, రెండో పుస్తకం రాసిన చెయ్యి అన్నదే. చచ్చిపోయినవాడి పేరు పాడవుతుందని దాచాడు. దాచినవాళ్లలో నాకు జాలి కలిగేది ఈ ఒక్కడి మీదే.

వీళ్లు కాక మధ్యలో మరికొందరు కూడా వచ్చారు. ప్రతివాడూ తను చెప్పేది చాలా చిన్న సంగతి అనుకునే వచ్చాడు. విడివిడిగా చూస్తే నిజంగా చిన్నవే. రైటరయ్య వాటిని కాగితం మీద పెట్టలేదు. తన దగ్గర చెబితే సరిపోదని, అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 164వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసి చెప్పాలని ఒక్కొక్కరికీ ఓపికగా నచ్చజెప్పాడు. కాణిపాకంలో నీళ్లలో దిగనివాళ్లు చిత్తూరు కోర్టు మెట్లెక్కారు. రైతుకు పినతండ్రి కొడుకుతో మాటలు పోయాయి. డ్రైవరు జరిమానా కట్టాడు. ఆర్‌ఎంపీ సూదులు వెయ్యడం మానుకున్నాడు. స్కూటరు, గొంతు, అరచేతి కుట్లు, రెండో పుస్తకం, అన్నీ భాగస్థుడి వాకిట్లోకే దారి తీశాయి. పోలీసులు అతన్ని పట్టుకున్నారు.

గంపలవాడు విడుదలై వచ్చేసరికి అతని పెళ్లాం వకీలు ఫీజు కోసం పందుల్ని అమ్మేసింది, గుడిసె తాకట్టు పెట్టింది. ఊరు సిగ్గుపడి రాబోయే మామిడి కాలానికి గంపలన్నీ అతని దగ్గరే తీసుకుంటామంది. అతను ఆ మాట విని, పెళ్లాం పిల్లల్ని తీసుకుని పలమనేరు వైపు బంధువుల దగ్గరికి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఈ కథ చదివేవాళ్లలో హంతకులు ఉండరు, అందుకే ఇందులో మనం చూసుకోవలసింది భాగస్థుణ్ణి కాదు, పెరటి తలుపు తట్టినవాళ్లను. వాళ్లు ఎవరికీ కీడు తలపెట్టలేదు. ఒక్కొక్కరూ తమ చిన్న తప్పు కప్పిపుచ్చుకోవడానికి తమకు తెలిసిన చిన్న ముక్క దాచుకున్నారు, ఆ ముక్కలన్నీ కలిసి హంతకుడికి నీడై, ఏ పాపం ఎరగనివాణ్ణి జైల్లో పెట్టాయి. అన్యాయం జరిగినచోట నేను చెయ్యలేదని చెప్పుకోవడంతో మన బాధ్యత తీరదు, తెలిసింది చెప్పామా లేదా అన్నదానికి కూడా మనం జవాబుదారులమే.