వాల్వు మార్చినచో గానము మారునా?

చెవి పలికెడి సాక్ష్యమును ఎంతవరకు నమ్మవచ్చును? నమ్మినదానిని నమ్మినట్లే పరులకు చెప్పినంతమాత్రమున అది సత్యవాక్యమగునా? ఈ రెండు ప్రశ్నలును పాతవే. మాకు మాత్రము ఇవి శాస్త్రగ్రంథములనుండి గాక, బొటనవ్రేలంత గాజు వాల్వునుండి ఎదురైనవి. సంఘ సంచికలో యంత్రముల ప్రసంగమేల యని చదువరులు శంకింపకుందురు గాక. మన యిండ్ల అటకలమీద మూలబడిన రేడియో పెట్టెలలో ఈ వాల్వులు ఇంకను కొన్ని మిగిలియే యున్నవి.

ఆంగ్లదేశమున ఫ్లెమింగు 1904లో రెండు ధ్రువముల వాల్వును, అమెరికాలో లీ డి ఫారెస్టు 1906లో మూడు ధ్రువముల వాల్వును కల్పించిరి. గాలి తీసివేసిన గాజు బుడ్డిలో కాథోడు అను గొట్టము కాగి ఎలక్ట్రానులను వెదజల్లును. ప్లేటు వానిని ఆకర్షించును. నడుమనున్న సన్నని తీగల చుట్ట, అనగా గ్రిడ్డు, కాలువకు తూమువలె ఆ ప్రవాహమును హెచ్చించును, తగ్గించును. చిన్న సంకేతము పెద్దదగుట ఇంతమాత్రము చేతనే. 1947లో ట్రాన్సిస్టరు పుట్టిన పిమ్మట వాల్వుల కాలము క్రమక్రమముగా ముగిసినది. మా బెంగుళూరులో 1954లో స్థాపింపబడిన భారత్ ఎలక్ట్రానిక్సు వారు జాలహళ్లిలో 1961నుండి రేడియో వాల్వులను తయారుచేసిరి. ఆ కర్మాగారపు కొలువునకై వచ్చి ఇచ్చటనే స్థిరపడిన తెలుగు కుటుంబములను మేమెరుగుదుము.

ముగిసినదనుకొన్న ఆ కాలము ఇప్పుడు చెవులకు తగిలించుకొను హెడ్‌ఫోనుల యాంప్లిఫయరులలో మరల తొంగిచూచుచున్నది. ఆ చిన్న పెట్టె నెత్తిమీద ఒకటో రెండో వాల్వులు నిలువబడి యుండును. వానిని ఊడదీసి, అదే జాతికి చెందిన వేరొక పాత వాల్వును పెట్టి, పాట ఎట్లు మారినదో విని ఆనందించువారు కలరు. ఇ.సి.సి. 88 అనునది టెలివిజనులకై పుట్టిన వాల్వు. నేడది ఈ పెట్టెలలో చేరి సంగీతము మోయుచున్నది. ఆంగ్లేయుల మల్లార్డు వేరు, జర్మనుల టెలిఫంకెన్ వేరు, రష్యావారి 6ఎన్23పి వేరని వారందురు. ఒకదానిలో గొంతు వెచ్చగా నుండునట. ఒకదానిలో తేటగా నుండునట. వేరొకదానిలో ఎండిన ఆకువలె గలగలలాడునట. (తొమ్మిది కాళ్లు సరిగా కూర్చున్నవి గదా యని ఇ.సి.సి. 83ను తెచ్చి ఇ.సి.సి. 88 చోట గ్రుచ్చరాదు. కాళ్ల లెక్క ఒకటే యైనను లోపల వేడితీగకు విద్యుత్తు వచ్చు త్రోవ వేరు.)

ఇదంతయు భ్రమయే యని కొట్టివేయుట మాకు సమ్మతము గాదు. గ్రిడ్డు తీగల ఎడము, కాథోడు పూత, లోపలి అమరిక కర్మాగారమును బట్టి కొంత మారును. దానివలన ధ్వని హెచ్చును, బుసను, వాల్వును తట్టినపుడు వచ్చు గంటనాదమును, మూలమున లేని ఉపస్వరముల కలయికయు మారును. ఇవి కొలసాధనములకు అందునవే. కాని వాల్వునకు వాల్వునకు గల తేడాను అణచివేయునట్లు నిర్మింపబడిన యాంప్లిఫయరులును కలవు. కొలసాధనమునకు అందిన ప్రతి తేడాయు చెవికి అందునన్న నియమమును లేదు.

మేము ముప్పదియేండ్లు గుమాస్తా పని చేసినవారము. అసలు కాగితమును నకలు వ్రాయువాడు అక్షరము చేర్చరాదు, అక్షరము విడువరాదు. వాక్యము అందముగా నున్నదని పై అధికారి మాటను సవరించిన నకలు ఎంత చక్కనిదైనను నకలు గాదు. యాంప్లిఫయరు పనియు నకలు వ్రాయుటయే యైనచో, గొంతును వెచ్చగా చేయు వాల్వు కల్తీ చేయుచున్నదనవలసి వచ్చును. ఐనను తంబురకు మేళవించువాడు తీగక్రింద నూలుపోగును అటునిటు జరిపి, ఉపస్వరములు గుమ్మని విచ్చుకొనువరకు ఊరకుండడు. దానిని కల్తీ యనువారెవ్వరును లేరు. ఎందుచేత? తంబుర తానే పాడుచున్నది. యాంప్లిఫయరు ఒరులు పాడినదానిని విన్నవించుచున్నది. తన యింట తన చెవికింపుగా విన్నవింపించుకొనుటలో దోషమేమియు మాకు కనబడదు. అది పాయసమున ఏలకి హెచ్చుగా వేసికొనుట వంటిది. ఇతరునకు చెప్పునపుడే చిక్కు మొదలగును.

చెప్పవలెనన్న ముందు తెలియవలెను గదా. ఇచ్చట అన్నంభట్టు మాకు తోడ్పడెను. తెలుగువాడని ప్రసిద్ధికెక్కిన ఈ పండితుడు తన తర్కసంగ్రహమున జ్ఞానమును స్మృతి యనియు, అనుభవమనియు రెండుగా విభజించెను. సంస్కారమాత్రమున పుట్టునది స్మృతి. అనుభవము మరల యథార్థము, అయథార్థము అని ద్వివిధము. ఇప్పుడు వాల్వు మార్చువాని స్థితి చూడుడు. మొదటి వాల్వుతో పాట వినును, యంత్రము నార్పును, గాజు చల్లారువరకు ఆగును, రెండవదానిని గ్రుచ్చి అది కాగువరకు మరల ఆగును, అప్పుడు వినును. అతడు పోల్చుచున్నది రెండు అనుభవములను గాదు, ఒక అనుభవమును ఒక స్మృతితో. సూక్ష్మమైన ధ్వనిభేదముల విషయమున స్మృతి కొలది సెకండ్లలోనే సడలిపోవును. ఆ ఖాళీని వాల్వుమీది పేరును, దాని వెలయు, చెప్పినవాని మాటయు నింపివేయును. ఇంతేకాక, రెండవ వాల్వు రవంత హెచ్చుగా మ్రోగినను, అది హెచ్చుగా మ్రోగినదని గాక బాగుగా మ్రోగినదని మనసు పొరపడును.

మా మిత్రుడొకరు, భార్యావియోగము నొందిన పింఛనుదారు, ఇట్టివి పదునాలుగు వాల్వులు కూర్చుకొనిరి. సాయంకాలమున హెడ్‌ఫోను తగిలించుకొని పాత కచేరీలు వినుటయే వారికి ఊరట. అందులో ఒకదానిని కొనుటకు ఒక యువకుడు ముందుకు వచ్చెను. అతడు క్రొత్తగా ఉద్యోగమున చేరినవాడు. వెల అతని జీతములో పెద్ద భాగము. "దీనిలో గొంతు ప్రాణముతో వచ్చును బాబూ" అని మా మిత్రులు అతనికి చెప్పియుండిరి. ఆ మాట తరువాత వారిని నిదురపోనీయలేదు. మమ్ము పిలిచి, "నేను చెప్పినది నిజమేనా, మీరు తేల్చవలెను" అనిరి.

అదే నమూనా యాంప్లిఫయరును మరియొకటి ఎరవు తెచ్చి, ఒకదానిలో ఆ వాల్వును, వేరొకదానిలో సామాన్యమైన క్రొత్త వాల్వును ఉంచితిమి. రెంటి ధ్వనిని మీటరుతో సమానము చేయించితిమి. వారి మనుమడు తెరవెనుక కూర్చుండి నాణెమెగురవేసి, బొమ్మయో బొరుసో చూచి మీట మార్చుచుండెను. పది పర్యాయములలో మా మిత్రులు ఆరుమారులు సరిగా చెప్పిరి. వారి ముఖము వికసించెను. మేము కాగితముమీద లెక్క వేసి చూపితిమి: ఏమియు వినక, నోటికి వచ్చినది చెప్పువారు 100 మంది యున్నచో, వారిలో సుమారు 38 మందికి ఆరుగాని అంతకు మించిగాని సరిపడును. తేడా లేదని దీనివలన తేలలేదు. తేడా వారికి వినబడుచున్నదని మాత్రము ఋజువు కాలేదు.

అంతట వారు ఒక న్యాయమైన ప్రశ్న వేసిరి: "నేను నమ్మియే చెప్పితిని గదా, అందులో అబద్ధమెక్కడ?" నిజమే, అబద్ధమాడువానికి తెలిసి మోసగించు తలంపు ఉండవలెను, అది వారికి లేదు. కాని తర్కసంగ్రహమే శబ్దప్రమాణమును చెప్పుచు, ఆప్తుని వాక్యమే శబ్దమనియు, యథార్థమును పలుకువాడే ఆప్తుడనియు నిర్వచించినది. తాను నమ్మినది పలుకువాడని చెప్పలేదు. ఆ యువకుడు తన చెవిని గాక పెద్దవారి మాటను కొనుచున్నాడు. నమ్మకము మనసులో నున్నంతవరకు మనదే. దానికి వెల కట్టి ఇంకొకని చేతిలో పెట్టునపుడు అది సాక్ష్యమగును. సాక్ష్యమునకు పరీక్ష కావలెను. పరీక్షకు ముందు వారు పలికినదానిని మేము తప్పుపట్టము. పరీక్ష తరువాత అదే మాట మరల పలుకవచ్చునా యనుటయే అసలు ప్రశ్న. పలుకరాదని మా యభిప్రాయము.

వాల్వులమీది పేర్లుకూడ ఈ సందర్భమున చెప్పదగినవి. ఆ దినములలో ఒక కర్మాగారము చేసిన వాల్వుమీద వేరొక వ్యాపారి పేరు ముద్రించుట మామూలే. అది మోసము గాదు, ఒప్పందము. దానిని ఎరుగక గాజుమీది అక్షరములనే వినువారు ఎందరో.

మా మిత్రులు ఒకటి రెండు దినములు ముభావముగా నుండిరి. మాకును కష్టముగనే తోచినది. ఒంటరివాని సాయంకాలమునుండి మేము ఏదియో తీసివేసితిమాయని శంకించితిమి. కాని వారు మునుపటివలెనే వినుచున్నారు. "నాకు వెచ్చగనే యున్నది, ఉండనిండు" అనిరి. దానికి మేము అడ్డు చెప్పలేదు. అది వారి పాయసములోని ఏలకి.

యువకునికి మాత్రము ఒక చీటి వ్రాసి పంపిరి. వాల్వు రకము, గాజుమీది ముద్ర, పరీక్షాయంత్రమున రెండు సగములకును వచ్చిన అంకెలు, లోపలి వెండివన్నె పూత తెల్లబడలేదనుట, ఇంతే వ్రాసిరి. వాల్వు వెలిగిన ప్రతి గంటయు దాని ఆయువునుండి తరుగునని కూడ చేర్చిరి. గొంతును గూర్చి ఒక్క మాటయు లేదు. దానిచోట, "పదిదినములు మీ యింట వినుడు, నచ్చనిచో తిరిగి యిండు" అనియుండెను. వెలను సగము తగ్గించిరి. యువకుడు వాల్వును తీసికొనిపోయెను. పదిదినములును గడచినవి, అతడు దానిని తిరిగి తేలేదు, బాగున్నదనియు చెప్పలేదు, సొమ్ము మాత్రము పంపెను.