మేళం ముందు కుర్చీ

చిరంజీవి అమ్మడికి తాతయ్య ఆశీస్సులు.

నీ అభిమాన గాయకుడి కచేరీకి టికెట్ దొరికిందని నువ్వు ఫోన్‌లో చెబుతుంటే నాకూ సంబరంగానే ఉందమ్మా. ట్యూషన్లు చెప్పుకున్న డబ్బులు కూడబెట్టి కొన్నావట. పాట వినడానికి అంత డబ్బా అని మీ నాన్న కసిరాడట. నేను కసరను. తప్పకుండా వెళ్లు. వెళ్లేముందు ఈ ఉత్తరం ఒక్కసారి చదువుకో.

నీ వయసులో నాకూ ఒక అభిమాన విద్వాంసుడు ఉండేవారు. షేక్ చినమౌలానా గారు. 1924లో మన ఒంగోలు దగ్గర కరవదిలో, సన్నాయే జీవనమైన ముస్లిం కుటుంబంలో పుట్టారు. చిలకలూరిపేటలో ఆదం సాహెబ్ గారి దగ్గర సన్నాయి నేర్చుకున్నారు. అంతటితో తృప్తిపడలేదు. తంజావూరు బాణీ పట్టుకోవాలని తమిళదేశం వెళ్లి, నాచ్చియార్‌కోయిల్ సోదరులకు శిష్యుడయ్యారు. చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి అందుకున్నారు. ఆ మరుసటి ఏడే వెళ్లిపోయారు.

ఆయన్ని ఎదుట చూసి విన్నది ఒకే ఒక్కసారి. అవి మిరప కోతల రోజులు. పగలంతా కల్లంలో తాలుకాయలు ఏరి, స్నానం చేసినా వేళ్ల మంట పోకపోతే, అలాగే సైకిలెక్కి పక్కూరి గుడికి వెళ్లాను. పందిట్లో చోటు లేక ధ్వజస్తంభం పక్కన నిలబడ్డాను. ఆయన సన్నాయి పీకను పెదవుల మధ్య తడిపి, ఒకసారి ఊది చూసి, నచ్చక ఇంకొకటి బిగించారు. తొందరేమీ లేదు. తరవాత రాగం ఎత్తుకున్నారు. అది తోడి అని పక్కనున్న ముసలాయన చెబితే తెలిసింది. ఏడు రంధ్రాల మీద వేళ్లు ఆడుతున్నాయి గానీ, స్వరాన్ని వంచేదీ నిలబెట్టేదీ ఊపిరీ పెదవి పట్టూనని కళ్లారా చూశాను. వేళ్ల మంట మళ్లీ గుర్తొచ్చింది ఇంటికెళ్లాకే. ఆ తరవాత రేడియోలో ఆయన్ని ఎన్నోసార్లు విన్నాను. రెండు సంగతుల నడుమ ఆయన గుండెనిండా గాలి పీల్చుకునే చప్పుడు మాత్రం మళ్లీ వినపడలేదు.

అంత విన్నవాణ్ణే, ఒక తప్పు చేశాను. మీ మేనత్త పెళ్లిలో మంచి సన్నాయి మేళం పెట్టించాను. ముహూర్తానికి ముందు ఆ విద్వాంసుడు చక్కగా ఆలాపన చేస్తున్నాడు. ఆ సమయానికి ఎవరో పెద్దమనిషి వచ్చాడని, ఆ మాట మైకులో చెప్పించడానికి చెయ్యి ఊపి మేళం ఆపించాను. ఆయన సంగతి మధ్యలోనే ఆపేశాడు. ఏమీ అనలేదు. పీక తీసి, పంచె అంచుతో మెల్లగా తుడిచి, ఒళ్లో పెట్టుకున్నాడు. తరవాత గట్టిమేళం అన్నప్పుడు వాయించాడు గానీ ఆ ఆలాపన మళ్లీ ఎత్తుకోలేదు. నా డబ్బుతో పిలిపించిన పాట గొంతును నేనే నొక్కాను. ఇన్నేళ్లయినా ఆ చెయ్యి ఊపడం నన్ను వదల్లేదు.

చినమౌలానా గారి శిష్యులు కలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులకు 2020లో పద్మశ్రీ వస్తే పేపర్లో చదివి అందరం మురిసిపోయాం. అదే మనం పెళ్లిపందిట్లో మేళం వైపు తలతిప్పి చూడం. వాళ్లకు భోజనం చివరి బంతిలో పెడతాం.

అందుకే చెబుతున్నాను తల్లీ. కచేరీలో ఫోను సంచిలో పెట్టు. ఆ పాట ఎప్పుడైనా దొరుకుతుంది. ఆ గాయకుడు ఊపిరి తీసుకునే క్షణం మళ్లీ దొరకదు. నీకు తెలిసిన పాట వచ్చేదాకా కబుర్లు చెప్పుకుంటూ కూర్చోవద్దు. వెనక తబలా, వయొలిన్ వాయించేవాళ్లకూ చప్పట్లు కొట్టు. చివరి పాట అయ్యేదాకా లేవద్దు.

ఆ మర్యాదను టికెట్‌తో పాటు అక్కడే చించి పారేయకుండా ఇంటికి తెచ్చుకో. టికెట్ కొన్నచోట వినడం తేలికే. టికెట్ లేనిచోట, పేరు తెలియని మనిషి వాయిస్తుంటే చెవి ఒగ్గడమే సంస్కారం.

ఫాల్గుణంలో మీ అక్క పెళ్లి. మేళం వాళ్లకు మొదటి బంతిలోనే ఆకు వేయించమని మీ పెదనాన్నకు చెప్పాను. మేళానికి ఎదురుగా రెండు కుర్చీలు వేయిస్తున్నాను. ఒకటి నాకు, ఒకటి నీకు. త్వరగా వచ్చెయ్యి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య