శిఖరమునుండి దిగిన త్రోవ

ధ్యానభాగము: లూకా సువార్త 9:28–42

పరిశుద్ధ గ్రంథములో పర్వతములు కేవలము నేలమీది ఎత్తులు కావు. అబ్రాహాము తన కుమారుని వెంటబెట్టుకొని మోరీయా పర్వతమెక్కెను. సీనాయిమీద ధర్మశాస్త్రము ఇయ్యబడెను. కర్మెలుమీద అగ్ని దిగెను. నెబో శిఖరమునుండి మోషే తాను ప్రవేశింపని దేశమును కన్నులార చూచెను. మన ప్రభువు కొండమీద బోధించెను, కొండమీద ఏకాంతముగా ప్రార్థించెను, కొండమీద రూపాంతరము పొందెను. కావున ఎత్తులకు ఎక్కవలెనను కోరిక మానవ హృదయములో నుండుట వింత కాదు. అయితే లేఖనములను శ్రద్ధతో చదువువారికి మరియొక సంగతి కూడ కనబడును. దేవుడు తన సేవకులను కొండమీదికి పిలిచిన ప్రతిసారియు, దాదాపుగా, వారిని తిరిగి క్రిందికి పంపుచున్నాడు. ఎక్కుట ఎందుకో దిగిన తరువాతనే వారికి తెలియుచున్నది.

1. ఎక్కవలెనను ఆశ

సాహసమనగా గర్వమేయని తలంచు భక్తులు కొందరు కలరు. ఆ తలంపు లేఖనములకు సరిపడదు. ఎనుబదియైదేండ్ల కాలేబు సారవంతమైన పల్లపు భూమిని అడుగలేదు. బలిష్ఠులైన అనాకీయులు కాపురమున్న కొండసీమనే అడిగెను (యెహోషువ 14). అతడు అడిగినందుకు యెహోషువ అతని గద్దింపక దీవించెను. కష్టమైనదానిని కోరుకొను ఆశ దేవుడు పెట్టినదే.

2014 మే 25న నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఎవరెస్టు శిఖరముమీద నిలిచెను. ఆమెతో ఖమ్మము జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ కూడ ఎక్కెను. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల బిడ్డలు ప్రపంచములోని అత్యున్నత స్థలము చేరిరని విని సంతోషింపని తెలుగువాడెవడు? వారు టిబెట్టు వైపునుండి, ఉత్తరదిశగా ఎక్కిరి. ఆ వైపుననే తొంబదియేండ్లకు పూర్వము ఎక్కిన ఒక క్రైస్తవుని కథ నేటి మన ధ్యానమునకు తోడ్పడును. ఆయన శిఖరమును చేరలేదు. అయినను దక్షిణ భారత సంఘము ఆయనకు ఋణపడియున్నది.

ఆయన పేరు థియొడర్ హోవర్డ్ సోమర్‌వెల్. 1890లో ఇంగ్లాండులోని కెండల్ పట్టణమున జన్మించి, శస్త్రవైద్యుడై, మొదటి ప్రపంచ యుద్ధకాలమున సోమ్ రణభూమిలో గాయపడిన సైనికులకు చికిత్స చేసెను. 1922లో ఎవరెస్టు యాత్రకు ఎన్నుకొనబడి, జార్జి మాలరీ, ఎడ్వర్డ్ నోర్టను అనువారితో కూడ ప్రాణవాయువు సిలిండర్లు లేకుండ 26,985 అడుగుల వరకు ఎక్కెను. అంతకుముందు ఏ కొండమీదను మానవుడు అంత ఎత్తున కాలు మోపియుండలేదు.

2. ఎవరి ప్రాణముల వెల?

ఆ యాత్ర అంతటితో ముగిసిన బాగుండెడిది. 1922 జూన్ 7న మరల ప్రయత్నించుచు, మాలరీ, సోమర్‌వెల్, మరియొకరు, పదునలుగురు కూలీలతో నార్త్ కోల్ అను మంచు కనుమవైపు ఎక్కుచుండిరి. క్రొత్తగా కురిసిన మంచు లోతుగా నుండెను. అకస్మాత్తుగా మంచుచరియ విరిగిపడి వారిని ఈడ్చుకొనిపోయెను. తొమ్మండుగురు మంచు పగులులో పడిరి. ఇద్దరు మాత్రము ప్రాణములతో తీయబడిరి. చనిపోయిన ఏడుగురును బరువులు మోయుటకు వచ్చిన హిమాలయవాసులు. ఆంగ్లేయులలో ఒక్కడైనను చావలేదు. వారి మరణములో తమకు పాలు లేకపోయెనే యని సోమర్‌వెల్ మిక్కిలి వేదనపడి, ఆ వేదనను తరువాత తన గ్రంథములో దాచక వ్రాసెను.

ప్రియులారా, ఈ చోట మనము ఒక క్షణము ఆగవలెను. శిఖరమెక్కినవాని పేరు లోకము వ్రాసికొనును. వాని గుడారమును, అన్నమును, త్రాళ్లను వీపుమీద మోసినవాని పేరు ఎవరు వ్రాసికొందురు? దావీదు బేత్లెహేము బావి నీళ్లకొరకు ఆశపడినప్పుడు ముగ్గురు శూరులు శత్రువుల దండును చీల్చుకొనిపోయి తెచ్చిరి. దావీదు ఆ నీళ్లను త్రాగలేకపోయెను. అది వారి రక్తమేయని యెంచి యెహోవా సన్నిధిని పారబోసెను (2 సమూయేలు 23). నా కోరికకు వెల చెల్లించినవాడు నేను కాను, పొరుగువాడు అని గ్రహించుట మారుమనస్సుకు మొదటి మెట్టు. మన బిడ్డల చదువుల వెనుక, మన యిండ్ల వెనుక, మన పరిచర్యల వెనుక కూడ బరువులు మోసినవారు కలరు. మందిరపు శిలాఫలకముమీద దాత పేరుండును. ఇటుకలు మోసిన స్త్రీ పేరుండదు. దేవుని గ్రంథములో అట్లు కాదు.

3. కొండ క్రిందనున్న జనసమూహము

రూపాంతరపు కొండమీద మోషేయు ఏలీయాయు మహిమతో అగపడి ప్రభువుతో మాటలాడిరి. వారు దేనినిగూర్చి మాటలాడిరో లూకా ఒక్కడే తెలుపుచున్నాడు: యెరూషలేములో ఆయన నెరవేర్చబోవు నిర్గమమునుగూర్చి. గ్రీకు మూలములో ఇచ్చట ‘ఎక్సొదొస్’ అను మాట యున్నది. మోషే రెండవ గ్రంథమునకు గ్రీకులో నిలిచిన పేరును అదియే. మన తెలుగు భాషాంతరకర్తలు ఆ సంబంధమును చెడనీయక ‘నిర్గమము’ అనియే వ్రాసి మనకు మేలు చేసిరి. ఆ మాట మరణమును సూచించుచున్నది, విమోచనమును సూచించుచున్నది. అనగా మహిమ ప్రకాశించిన ఆ ఎత్తుమీద జరిగిన సంభాషణ క్రిందికి దిగు త్రోవనుగూర్చియే, సిలువనుగూర్చియే.

మాటలాడిన ఆ యిద్దరిని కూడ తలంచుడి. సీనాయిమీదనున్న మోషేతో, క్రింద జనులు చెడిపోయిరి గనుక దిగి వెళ్లుమని దేవుడు సెలవిచ్చెను. హోరేబుమీదనున్న ఏలీయాను, వచ్చిన త్రోవనే తిరిగి వెళ్లుమని పంపెను. దిగుట ఎట్లో ఎరిగిన ఆ యిద్దరి యెదుట పేతురు పర్ణశాలలు కట్టుదమనెను. ఆ మాట చెడ్డది కాదు. అది అక్కడనే ఉండిపోగోరిన మాట. మరునాడు వారు దిగి వచ్చినప్పుడు గొప్ప జనసమూహము ఎదురుపడెను. ఒక తండ్రి తన యొక్కగానొక్క కుమారుని నిమిత్తము మొరపెట్టుచుండెను.

1922లో కొండ దిగిన సోమర్‌వెల్‌కు కూడ జనసమూహమే ఎదురుపడెను. ఆయన భారతదేశమును చూడవలెనని ప్రయాణము చేయుచు, నాటి తిరువాన్కూరు సంస్థానములోని నెయ్యూరునకు వచ్చెను. అది నేడు తమిళనాడు రాష్ట్రమున కన్యాకుమారి జిల్లాలో నున్నది. అచ్చట లండను మిషనరీ సొసైటీవారి ఆసుపత్రి యుండెను. 1805లో విశాఖపట్టణమునకు సువార్తికులను పంపి, తెలుగున సువార్తలను అనువదించు పనికి పూనుకొనినదియు ఆ సొసైటీయే. నెయ్యూరు ఆసుపత్రిలో అర్హుడైన శస్త్రవైద్యుడు ఒక్కడే. రోగుల వరుసకు అంతము లేదు. సోమర్‌వెల్ కొన్ని దినములు ఆగి శస్త్రచికిత్సలలో సాయపడెను. లండనులో యూనివర్సిటీ కాలేజి ఆసుపత్రియందు మంచి ఉద్యోగము ఆయనకొరకు సిద్ధముగా నుండెను. ఆయన దానిని విడిచి, నెయ్యూరునకు వైద్య మిషనరీగా తిరిగివచ్చెను.

ఆ కొద్ది దినములలో ఆయన కేమి జరిగెను? ఏ దర్శనమును కలుగలేదు. కన్నులతో చూచినదే ఆయనకు పిలుపాయెను. పిలుపుకొరకు ఆకాశమువైపు చూచుచు, ఎదుటనున్న వరుసను చూడక దాటిపోవువారు మనలో ఎందరు!

4. దిగినవాడు మరల ఎక్కెను

సేవకు వచ్చినవాడు కొండలను ద్వేషింపలేదు. 1924లో సోమర్‌వెల్ మరల ఎవరెస్టు యాత్రకు పోయెను. అయితే ఈసారి ఆయనయందు ఎక్కువగా స్మరింపదగినది ఎక్కిన ఎత్తు కాదు. తుపానులో నలుగురు కూలీలు నార్త్ కోల్‌మీద చిక్కుకొనిరి. శిఖరముకొరకు బలమును దాచుకొనవలసిన దినములవి. అయినను నోర్టను, మాలరీ, సోమర్‌వెల్ ముగ్గురును మే 24న వారికొరకు ఎక్కిరి. సోమర్‌వెల్ అప్పటికే దగ్గుతో బాధపడుచుండెను. ఆయన నడుమునకు త్రాడు కట్టుకొని, జారుచున్న మంచు వాలుమీద అడ్డముగా నడిచి వారిని సమీపించెను. త్రాడు ఇంచుమించు పది గజములు తక్కువ పడెను. కూలీలలో ఇద్దరు జారి, అగాధమునకు కొంచెము పైగా ఆగిరి. అప్పుడాయన నడుమునుండి త్రాడు విప్పి, మంచుగొడ్డలిని నేలలో దిగగొట్టి, త్రాడు దానికి చుట్టి, ఒక చేత దానిని పట్టుకొని, రెండవ చేయి చాచగలిగినంత చాచి, వారిని మెడవద్ద పట్టుకొని ఒక్కొక్కరినే లాగెను. నలుగురును బ్రతికిరి.

తరువాత జూన్ 4న ఆయన శిఖరముకొరకు ప్రయత్నించెను. 28,000 అడుగుల సమీపమున గొంతు బాధ అడుగు ముందుకు వేయనీయకపోయెను. నోర్టను ఒంటరిగా 28,126 అడుగుల వరకు పోయి తిరిగివచ్చెను. జూన్ 8న ఎక్కిన మాలరీ, ఇర్విన్ అనువారు తిరిగి రాలేదు. 1999లో మాలరీ శరీరము కనుగొనబడినను, వారు శిఖరమును చేరిరో లేదో నేటికిని తేలలేదు. 1953 మే 29న హిల్లరీయు టెన్సింగును శిఖరమెక్కినప్పుడు సోమర్‌వెల్ వెల్లూరులో క్రైస్తవ వైద్య కళాశాలయందు బోధించుచుండెను. నెయ్యూరులో 1949 వరకును, వెల్లూరులో 1961 వరకును ఆయన సేవ సాగెను. నేడు మన ప్రాంతములనుండి వెల్లూరునకు రైలెక్కు రోగులలో ఎందరికి ఆయన పేరు తెలియును? తెలియకపోయినను ఆ సేవ ఫలము వారికి అందుచునే యున్నది.

2006 మే నెలలో అదే ఉత్తరపు మార్గమున ప్రాణాపాయములో నున్న ఒక ఆరోహకుని పలువురు దాటిపోయిరి, అతడు మరణించెను. అదే నెలలో లింకన్ హాల్ అను ఆస్ట్రేలియా దేశస్థుని, చనిపోయెనని విడువబడినవానిని, డాన్ మజూర్ అనువాని బృందము బ్రతికియుండగా కనుగొనెను. ఆకాశము నిర్మలముగా నుండెను, శిఖరము కొద్ది దూరముననే యుండెను. వారు శిఖరమును విడిచి ఆ మనుష్యునియొద్ద నిలిచిరి. అతడు బ్రతికెను. ప్రాణవాయువు చాలనిచోట మనస్సు మందగించును గనుక, పల్లమునుండి తీర్పు తీర్చుట మనకు తగదు. అయినను యెరికో త్రోవ ఆ ఎత్తులకు కూడ ప్రాకియున్నదని మనము మరువరాదు. నా పొరుగువాడెవడు అను ప్రశ్న 28,000 అడుగుల ఎత్తునను అడుగబడుచున్నది.

5. మన కొండ ఏది?

అపవాది కూడ ప్రభువును మిగుల ఎత్తైన కొండమీదికి తోడుకొనిపోయెను. అచ్చటనుండి లోకరాజ్యములు కనబడెను. ఒక్క రోగియైనను కనబడలేదు. ఆ ఎత్తునకును రూపాంతరపు ఎత్తునకును గల భేదమిదియే: ఒకటి లోకమును ఏలుమని చూపును, మరియొకటి లోకముకొరకు దిగుమని పంపును.

యౌవనులారా, ఎక్కుడి. ఉన్నత విద్యలను, దూరదేశములను, కష్టమైన పనులను కోరుకొనుడి. అయితే పైకి చేరినప్పుడు ఒక ప్రశ్న వేసికొనుడి: నా క్రింద ఎవరి మొర వినబడుచున్నది? ఒకప్పుడు రోగులతో నిండిన మిషను ఆసుపత్రులు కొన్ని నేడు వైద్యులకొరకు ఎదురుచూచుచున్నవి. గ్రామ సంఘములు కాపరులకొరకు ఎదురుచూచుచున్నవి. అందరును నెయ్యూరునకు పోనక్కరలేదు. మీ యింట వృద్ధురాలైన తల్లి మంచముప్రక్కయే మీరు దిగవలసిన పల్లము కావచ్చును.

శిఖరమును చేరలేకపోయితినని కృంగియున్న సహోదరుడా, సహోదరీ, దేవుడు మనలను ఆగిన ఎత్తునుబట్టి కొలువడు. చాచిన చేతినిబట్టి కొలుచును. ఎక్కుటకు బలమే లేనివారికిని శుభవార్త గలదు. మనము దేవునియొద్దకు ఎక్కలేకపోయినందుననే దేవుని కుమారుడు తన్నుతాను రిక్తునిగా చేసికొని దిగివచ్చెను (ఫిలిప్పీ 2). ఆయనను పట్టిన త్రాడు తక్కువ పడలేదు. ఆయన చేయి మనవరకు చేరెను.

ప్రార్థన: దిగివచ్చిన ప్రభువా, ఎత్తులకు ఎక్కు బలమును, సమయము వచ్చినప్పుడు దిగు మనస్సును మాకు దయచేయుము. మా బరువులు మోసినవారిని మరువనీయకుము. జారుచున్నవారిని పట్టుకొను చేతులుగా మమ్మును వాడుకొనుము. ఆమేన్.