మాట పోయిన మనిషి తరఫున మనం మాట్లాడవచ్చా?



ప్రతి శనివారం పొద్దున వచ్చే వీడియో పోయిన వారం రాలేదు. "ఏమైంది, పానం మంచిగ లేదా?" అని కొందరు ఫోన్లు చేసిండ్రు. నాకేం కాలేదండీ. వీడియో తయారైంది, పైన పెట్టే బొమ్మ కూడా తయారైంది. "మూగబోయిన గొంతులో రామనామం, కొండగట్టు అంజన్న మహిమ" అని పెద్ద అక్షరాలతో రాసుకున్న. ఆఖరి నిమిషంలో తీసేసిన. ఎందుకు తీసేసిన్నో ఈరోజు చెప్తా.

మా మేనమామది కోరుట్లనే. ఇక్కడి చాలా మంది లెక్కనే దుబాయి పోయి పదిహేనేండ్లు కష్టపడి వచ్చిండు. తెలుగు, ఉర్దూ, హిందీ మూడూ గలగలా మాట్లాడేటోడు. మా భజన మండలిల ముందు గొంతు ఆయనదే. ఒకనాడు పొద్దున లేచేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయి. మాట కూడా పోయింది. నడక కొంత తిరిగి వచ్చింది గాని మాట రాలేదు. నెలల తరబడి "అదే" అన్న ఒక్క ముక్కే. నీళ్లు కావాలన్నా "అదే", కోపమొచ్చినా "అదే". వాడకట్టు పిల్లలు "అదే మామ" అని పిలుసుడు మొదలుపెట్టిండ్రు.

ఒక శనివారం భజనకు తీసుకపోయినం. తాళాలు మోగినయి, రామనామం అందుకున్నరు. మామ నోట్ల నుంచి పాట వచ్చింది! పదాలతో సహా, తప్పు లేకుండ. అత్తమ్మ ఏడ్సింది, మేమందరం ఏడ్సినం. నేను ఫోన్ తీసి వీడియో పట్టిన.

మర్నాడు ఇంటికి పోతే కథ వేరేగ ఉన్నది. పొద్దున మామ మంచినీళ్లు అడగలేక "అదే, అదే" అంటున్నడట. బావకు విసుగొచ్చింది. "దేవుని పాట మొత్తం వస్తది గాని నా పేరు రాదా? నటిస్తుండు" అన్నడు. మామ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. బావ చెడ్డోడు కాదు, అలసిపోయిండు. కానీ ఆ మాటకు దారి వేసింది నేనే. "మామ బాగైండు, అంజన్న మాట ఇచ్చిండు" అని ఊరంతా చెప్పింది నేనే కదా.

డాక్టరు దగ్గర కూర్చొని అడిగితే విషయం తెలిసింది. దీన్ని అఫేజియా అంటరు. గొంతు బాగనే ఉంటది, నాలుక బాగనే ఉంటది. చాలా మందిలో భాష పని చూసుకునేది మెదడు ఎడమ వైపు. అక్కడ రక్తం ఆగినా, దెబ్బ తగిలినా మాట చెదిరిపోతది. పాట, అంకెలు, తిథులు, నిత్యం చదివే స్తోత్రం, చివరికి తిట్లు కూడా కొందరికి మిగులుతయి. అవి ఏండ్ల తరబడి నోటికి వచ్చిన వరుసలు. పాటలో మెదడు కుడి భాగం కూడా పాలు పంచుకుంటది. "నాకు నీళ్లు కావాలి" అన్నది అట్ల కాదు. ఎప్పటికప్పుడు కొత్తగ పేర్చుకోవాలి. అందుకే పాట వచ్చిన నోటికి కొడుకు పేరు రాకపోవచ్చు. అది నటన కాదు. పాటకున్న ఈ బలాన్ని చూసే 1973లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు మాటను రాగంతో నేర్పే చికిత్స పద్ధతి తెచ్చిండ్రు.

మరి అది దేవుని దయ కాదా అని మీరు అడగవచ్చు. నా మట్టుకు నాకు అది దయనే. కారణం తెలిసినంత మాత్రాన దయ తగ్గదు. కానీ "మహిమ" అని నేను ప్రకటిస్తే ఏమైతది? మర్నాడు మాట రానప్పుడు తప్పు ఆ మనిషి మీద పడతది. నటిస్తుండు అంటరు, లేకుంటే భక్తి చాలలేదు అంటరు. మన భక్తి ఒక నిస్సహాయుని నెత్తిన బరువు కావచ్చా?

1861లో పారిస్‌లో బ్రోకా అనే వైద్యుడు ఒక రోగిని చూసిండు. ఆ రోగి ఇరవై ఒక్క ఏండ్లు ఆసుపత్రిలనే గడిపిండు. "టాన్" అన్న శబ్దం తప్ప పెద్దగ ఏమీ అనలేకపోయేటోడు. అతను చనిపోయినంక మెదడు పరిశీలించి, మాటకు మెదడు ముందు భాగంలో చోటుందని బ్రోకా చెప్పిండు. వైద్య పుస్తకాలు ఆ రోగిని "టాన్" అనే గుర్తుపెట్టుకున్నయి. అసలు పేరు లెబోర్న్. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు "అదే మామ" గుర్తొచ్చింది. మనిషికి మిగిలిన ఒక్క ముక్కనే ఆయన పేరు చేసేస్తున్నం.

మన పెద్దలు వాక్కును గొంతు దగ్గర ఆపలేదు. వాక్కుకు నాలుగు పాదాలున్నయని, మూడు దాగి ఉంటయని, మనుషులు పలికేది నాలుగోదేనని ఋగ్వేదం అంటది. పరా, పశ్యంతి, మధ్యమ, వైఖరి అని తర్వాత పేర్లు పెట్టుకున్నం. శాస్త్రం మెదడు జబ్బుల గురించి చెప్పిందని నేను అనను. కానీ నాకు అర్థమైంది ఇది: పైకి పలికే మాట చెదిరినా, లోపల చెప్పదలచుకున్నది ఉండవచ్చు. జపంలో కూడా పైకి చేసేదాని కంటే మనసులో చేసేది గొప్పదంటరు. మరి గోత్రం, పేరు పలకలేని మామ సంకల్పం దేవునికి అందదా? అందుతది. అందనిది మనకే.

ఇంకొక మాట. భాష పోవడం, బుద్ధి పోవడం ఒకటి కాదు. కొందరికి ఎదుటివారి మాట అర్థం చేసుకోవడం కూడా కష్టమైతది, అది నిజమే. అయినా "ఆయనకేం తెలువది" అని మనమే తీర్పు చెప్పొద్దు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అఫేజియాతో శాశ్వతంగా మాట పోవడాన్ని వైకల్యంగా గుర్తించింది. వికలాంగులకు ఆస్తి మీద, లెక్కల మీద అందరితో సమానంగ హక్కు ఉందని కూడా అదే చట్టం చెప్పింది. వేలు పట్టుకొని కాగితం మీద ముద్ర వేయించే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఇక నా తప్పు సంగతి. వీడియో పెట్టే ముందు మామకు చూపించిన. సంతోషపడతడు అనుకున్న. ఎడమ చెయ్యితో ఫోన్ అద్దాన్ని కప్పేసిండు. "పెట్టాలా?" అంటే బొటనవేలు కిందికి. కొన్నిసార్లు అవునుకు కాదు, కాదుకు అవును పడతదని డాక్టరు చెప్పిండు కాబట్టి తిప్పి అడిగిన: "తీసేయాలా?" బొటనవేలు పైకి. అక్కడికక్కడే తీసేసిన. భక్తి పేరుతో ఒక మనిషి కన్నీళ్లను ఆయనను అడగకుండ అమ్మబోయిన. హనుమంతుని మాటలోని మర్యాదను కిష్కింధలో రాముడే మెచ్చుకున్నడు. ఆ స్వామి పేరు చెప్పుకునే నేను మర్యాద తప్పవద్దు కదా.

మీ ఇంట్ల ఇట్లాంటి వారుంటే టీవీ బంద్ చేసి, ఎదురుగ కూర్చొని, చిన్న చిన్న మాటలతో ఒక్కటొక్కటే అడగండి. జవాబుకు ఆగండి. వాళ్ల మాటను మీరే పూర్తి చేయకండి. బొమ్మలు, సైగలు వాడండి. స్పీచ్ థెరపీ చేయించండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ కేంద్రం ఉన్నది. ఎవరికైనా ఉన్నట్టుండి మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా నాటు మందుల కోసం తిరగకుండ 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే పని చేస్తది, ఎంత తొందరగ అయితే అంత మంచిది.

ఇది రాసినంక మామ ముందు కూర్చొని మెల్లగ చదివి వినిపించిన. ఒక చోట చెయ్యి అడ్డం ఊపిండు, ఆ ముక్క తీసేసిన. బావ పక్కనే కూర్చొని విన్నడు, ఏమీ అనలేదు, లేచిపోయి గ్లాసులో నీళ్లు తెచ్చి మామ చేతికిచ్చిండు. "ఇది పెట్టాలా?" అని అడిగిన. బొటనవేలు పైకి లేచింది.

వచ్చే శనివారం భజన వీడియో వస్తది. మామ అందులో కనపడడు. పాడుతూనే ఉంటడు.

శుభం.