సాలీడుకు మోక్షం, గోమారికి మందు

భగవద్గీత 5వ అధ్యాయం 18వ శ్లోకంలో కృష్ణుడు ఐదుగురిని వరసగా నిలబెడతాడు. విద్యా వినయమూ ఉన్న బ్రాహ్మణుడు, ఆవు, ఏనుగు, కుక్క, కుక్కమాంసం వండుకు తినేవాడు. పండితుడైనవాడు అందరినీ సమంగా చూస్తాడట. ఆవు, ఏనుగు దాకా ఎవరికీ పేచీ లేదు, గుళ్ళలో రెండింటికీ చోటుంది. పేచీ కుక్క దగ్గర మొదలవుతుంది. అది గజ్జి పట్టి, వెంట్రుకలు ఊడి, చెవుల అంచులు పుండ్లు పడిన కుక్క అయితే శ్లోకం చదివే గొంతు కూడా కాస్త తగ్గుతుంది.

ఆ శ్లోకాన్ని నిలదీసి అడగడానికి ఏర్పేడు తగిన చోటు. రేణిగుంటకూ శ్రీకాళహస్తికీ నడుమనున్న ఈ ఊళ్ళో 1926లో మలయాళ స్వామి వ్యాసాశ్రమం స్థాపించారు. కేరళలో పుట్టి, తిరుమల కొండల్లో గోగర్భం దగ్గర ఏళ్ళ తరబడి తపస్సు చేసి, కిందికి దిగి వచ్చి, ఆడవాళ్ళకూ అన్ని కులాలవాళ్ళకూ వేదాంతం చెప్పిన మనిషి ఆయన. ఆయన గురువు శివలింగ స్వామి నారాయణ గురు శిష్యుడు. ఆ నారాయణ గురు జంతుబలులను వ్యతిరేకించడమే కాక, జీవకారుణ్య పంచకం అని మాంసాహారాన్ని ప్రశ్నించే పద్యాలు కూడా రాశారు. మలయాళ స్వామి రాసిన పుస్తకాల్లో ఒకదాని పేరు ‘శుష్క వేదాంత తమోభాస్కరం’. ఆచరణ లేని వేదాంతం మీద ఆయనకున్న చిరాకు అట్ట మీదే కనిపిస్తుంది.

కుక్క ఒంటి మీద శుష్క వేదాంతం చెప్పడం బహు సులువు. ‘ఏ జన్మలో ఏం పాపం చేసిందో, అనుభవిస్తోంది’ అనేది ఒక రకం. ‘దేహం ఎటూ నిలిచేది కాదు, ఆత్మకు దురద ఏమిటి’ అనేది కాస్త చదువుకున్న రకం. రెండూ చేరేది ఒకచోటికే: అరుగు మీద కూర్చున్నవాడు లేవనక్కర్లేదు. కర్మ సిద్ధాంతం నిజమే అనుకున్నా, ఎదుటివాడి కర్మలో మన కర్మ కూడా ఉందన్న సంగతి ఈ వాదంలో ఎందుకో జారిపోతుంది.

పైగా ఆ దురద ఒకే దురద కాదు. తోక మొదట్లో కొరుక్కుంటుంటే చాలాసార్లు పేల పని. పేను కరిచినప్పుడు దాని లాలాజలం కొన్ని కుక్కలకు పడదు, ఒక్క కాటుకే రోజుల తరబడి గోక్కుంటాయి. అదే పనిగా పాదాలు నాకుతుంటే గాలిలోని ధూళో, పుప్పొడో, తిండో పడకపోవడం కావచ్చు. చెమ్మగా, జిడ్డుగా ఉండి కంపు కొడితే బూజు జాతి సూక్ష్మజీవి. దురద లేకుండా వెంట్రుకలు రెండు పక్కలా పలచబడి మెరుపు పోతే థైరాయిడ్ గ్రంథి మందగించిందేమో చూడాలి. కడుపులో పురుగులున్నా వెంట్రుక కళ తప్పుతుంది. కుక్క తిన్న మాంసకృత్తుల్లో దాదాపు పావు వంతు చర్మానికీ వెంట్రుకలకూ పోతుంది. రోజూ సంగటి ముద్దో పెరుగన్నమో పెట్టి, ‘మా కుక్క శాకాహారి’ అని మురిసిపోయే ఇళ్ళలో ఆ కుక్క ఒళ్ళు చూస్తే లెక్క తెలుస్తుంది. యజమాని వ్రతానికి ఉపవాసం చేస్తున్నది కుక్క.

ఇవేవీ చూడకుండా పాత ఇంజిన్ ఆయిల్ పూసేవాళ్ళు మన ఊళ్ళలో ఎందరో. వాళ్ళది జాలే, కాదనలేం. కాని కుక్క ఒళ్ళు నాక్కుంటుంది, ఆ విషమంతా కడుపులోకి పోతుంది. కిరోసిన్ సంగతీ అంతే. గీత చెప్పిన సమదృష్టిలో దృష్టి అన్న సగం ఇక్కడ లోపించింది. పశువైద్యుడు చేసే మొదటి పని చూడటమే. పుండు అంచున బ్లేడుతో, సన్నగా నెత్తురు చెమర్చేదాకా గీకి, నూనెచుక్క వేసిన గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపు కింద చూస్తాడు. చెవి అంచును వేళ్ళతో రుద్దితే కుక్క వెనక కాలు దానంతట అదే గోకినట్టు ఆడుతుందా అని కూడా చూస్తాడు. ఆడితే గజ్జి అన్న అనుమానం బలపడుతుంది.

ఆ గాజుపలక మీద కనిపించేదానికి ఎనిమిది కాళ్ళు.

అసలు చిక్కు ఇక్కడుంది. గజ్జి పుట్టించే ఆ పురుగు, రక్తం తాగే గోమారి రెండూ కీటకాలు కావు, సాలీడు కుటుంబానివి. ఏర్పేడుకు కొద్ది మైళ్ళ దూరంలో, సువర్ణముఖి ఒడ్డున, సాలీడుకు మోక్షం దొరికిన క్షేత్రం ఉంది. శ్రీ అంటే సాలీడు, కాళం పాము, హస్తి ఏనుగు. ధూర్జటి ‘శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం’లో కావ్యంగా చెప్పిన కథ అది. లింగం మీద గూడు అల్లిన సాలీడును ముక్తి చేరనిచ్చిన సంప్రదాయం, దాని దాయాది కుక్క చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడితే ఏమనాలి? మూడు వారాల్లో గుడ్డు పెద్ద పురుగవుతుంది. దానికి కుక్క మీద పగ లేదు. దానికి తెలిసిన ఇల్లు అదొక్కటే. ఒక మాత్రతో వేలాదిగా చంపడం అహింస ఎలా అవుతుంది?

ఈ ప్రశ్నకు అందరికంటే దూరం వెళ్ళినవాడు అసంగుడు. పురుషపురంలో, నేటి పెషావర్లో, పుట్టిన ఆ బౌద్ధాచార్యుడు రాబోయే బుద్ధుడైన మైత్రేయుడి దర్శనం కోసం పన్నెండేళ్ళు తపస్సు చేసి విసిగి వస్తుంటే, ఒళ్ళు కుళ్ళి పురుగులు పట్టిన కుక్క ఎదురైందని టిబెట్ సంప్రదాయం చెబుతుంది. పురుగులను తీయాలి, వాటికీ దెబ్బ తగలకూడదు. తన తొడ మాంసం కోసి వాటికి ఆహారంగా పెట్టి, వేళ్ళతో తీస్తే నలుగుతాయని నాలుకతో తీయబోయాడు. కుక్క మాయమై మైత్రేయుడు నిలిచాడు. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట వచ్చిన కుక్కా అంతే, చివరికి ధర్మదేవతగా తేలింది. గొప్ప కథలే. కాని రెండింటిలోనూ కుక్క మిగలదు. అసంగుడికి ఆ పుండును మర్నాడు మళ్ళీ కడగాల్సిన పని తప్పింది.

భారతం మొదట్లోని కుక్క అలా మాయం కాదు. జనమేజయుడి తమ్ముళ్ళు యాగశాల దగ్గర సారమేయుడనే కుక్కపిల్లను ఊరికే కొడతారు. తల్లి సరమ వచ్చి, హవిస్సు ముట్టని, కనీసం అటు చూడని నా బిడ్డను ఎందుకు కొట్టారని అడుగుతుంది. జవాబు రాదు. ఊహించని భయం మీకు వస్తుందని శపించి వెళ్ళిపోతుంది. నన్నయ తెలుగు భారతంలోనూ ఈ కథ ఆదిపర్వం మొదట్లోనే ఉంది. ఇక్కడ కుక్క కుక్కగానే ఉండి న్యాయం అడిగింది.

సరమ ప్రశ్న పట్టుకుంటే గజ్జి పురుగు చిక్కు కొంత విడుతుంది. కుక్కను విడిచి స్వర్గానికి రానని ధర్మరాజు మొండికేసింది అది దేవుడని తెలిసి కాదు. నమ్మి వెంట వచ్చినదాన్ని వదలడం పాపమన్నదే ఆయన చెప్పిన కారణం. మనిషి వేల ఏళ్ళ కిందటే కుక్కను అడవి నుంచి గడప దగ్గరికి తెచ్చుకున్నాడు, దాని తిండి, దాని పెంపకం మన చేతిలో పెట్టుకున్నాడు. పురుగుతో అటువంటి ఒప్పందం ఏదీ లేదు. సమదృష్టి అంటే తీర్పు చెప్పకుండా కూర్చోవడం అయితే అది పండితుడి పని కాదు, బద్ధకస్తుడి పని. చంపక తప్పనప్పుడు పగ లేకుండా, చూసి, అవసరమైనంతే చంపడం కష్టమైన పని.

‘అవసరమైనంత’ అన్నదానికి హద్దు కూడా ఆ గాజుపలక మీదే దొరుకుతుంది. డెమోడెక్స్ అనే మరో ఎనిమిది కాళ్ళ జీవి దాదాపు ప్రతి ఆరోగ్యమైన కుక్క వెంట్రుకల కుదుళ్ళలోనూ ఉంటుంది, పుట్టిన తొలి రోజుల్లో తల్లి పాలు తాగేటప్పుడు పిల్లకు అంటుతుంది. ఒంట్లో సత్తువ తగ్గినప్పుడే పెచ్చుమీరి జబ్బవుతుంది. దాని బంధువులు మన కనుబొమల దగ్గర, ముక్కు పక్కన కాపురముంటున్నాయి. వ్యాసాశ్రమంలో శ్లోకం చదివే స్వాములకైనా, పక్కనే ఐఐటీలో చదివే పిల్లలకైనా ఇందులో మినహాయింపు లేదు.

ఇక ధర్మరాజు వెంట నడిచిన కుక్కకు యజమాని లేడు. ఏర్పేడు రైల్వే స్టేషన్లోనో బస్టాపులోనో గోక్కుంటూ పడుకున్నదానికీ ఉండడు. పన్నెండు వారాల పాటు పేలనూ గోమార్లనూ ఆపే మాత్రలు ఇప్పుడు వస్తున్నాయి, గజ్జికీ డాక్టర్లు వాటిని వాడుతున్నారు. మూర్ఛ వచ్చే కుక్కలకు ఇచ్చేటప్పుడు జాగ్రత్త అవసరం కనుక డాక్టరును అడగాల్సిందే. పట్టుకుని పూయక్కర్లేదు, తిండిలో కలిపి పెడితే చాలు. తిరుపతిలో 1955 నుంచీ పశువైద్య కళాశాల ఉంది. మిగిలింది మాత్ర ఖర్చు ఎవరిదన్న తగవు.