ఛాందసుడెవరు?

'ఛాందసుడు' అన్న మాట పుట్టిల్లు వేదం. ఛందస్సంటే వేదం, దాన్ని వల్లె వేసేవాడు ఛాందసుడు. మొదట అది తిట్టు కాదు, చదువుకున్నవాడి పేరు. లోకం పోకడ తెలీకుండా అక్షరాన్ని పట్టుకు వేలాడేవాడన్న వెక్కిరింత తర్వాత వచ్చి చేరింది. ఇవాళ ఆ మాట ఎవరి గుమ్మం ముందు ఆగుతోంది? గడ్డం పెంచినవాడి ముందు, బురఖా వేసుకున్నామె ముందు. వేదం ముక్క రానివాడికి వేదపాఠకుడి బిరుదు!

'ఫండమెంటలిస్టు' సంగతీ అంతే. 1910-1915 మధ్య అమెరికాలో ప్రొటెస్టెంట్ క్రైస్తవులు 'ది ఫండమెంటల్స్' అని 12 సంపుటాలు అచ్చేశారు. 1920లో కర్టిస్ లీ లాస్ అనే బాప్టిస్టు సంపాదకుడు తన పక్షం వాళ్ళకి ఆ పేరు పెట్టాడు, అదీ గర్వంగా. 1979 ఇరాన్ విప్లవం తర్వాత అది ముస్లిముల పక్కన ఎక్కువగా వినబడసాగింది.

మాట ఎక్కడ పుట్టిందన్నది నాకు పెద్ద పట్టింపు కాదు. మాటలు ఊళ్ళు మారతాయి. ఎవరికి తగిలించి ఎవర్ని వదిలేస్తున్నారన్నదే నా గొడవ. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు పడగొట్టిన గుంపుని మన పత్రికలు ఏమని రాశాయి? కరసేవకులని. గురుద్వారాల్లో భక్తుల చెప్పులు తుడిచి, లంగరులో గిన్నెలు కడిగేవాళ్ళ మాట అది. గునపం పట్టినవాడు సేవకుడయ్యాడు. ఆ రాత్రి తలుపులేసుకుని భయంభయంగా ఇషా నమాజు చదువుకున్నవాడి పేరు మాత్రం ఛాందసుడే.

ఇక మనలో మనం. ఉర్దూలో 'ముతఅస్సిబ్' అన్న మాటుంది. అరబ్బీలో 'అసబా' అంటే తండ్రివైపు బంధువులు. తప్పు చేసినా మనవాడేగా అని వెనకేసుకు రావడం తఅస్సుబ్. రోగాన్ని ఇది బాగా పట్టుకుంటుంది. ఐదుపూటలా నమాజు చదివేవాడు పొరుగువాణ్ణి పల్లెత్తు మాట అనకపోవచ్చు. ఏ గ్రంథమూ తెరవనివాడు కత్తి తీయొచ్చు. ఆచారం వేరు, అసహనం వేరు. 'ఛాందసం' ఈ రెంటినీ ఒకే మూటగట్టింది.

2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్‌క్లబ్‌లో తస్లీమా నస్రీన్ మీద దాడి జరిగింది. చేసినవాళ్ళలో శాసనసభ్యులున్నారు. ఆమె రాతలు నచ్చకపోవచ్చు. జవాబు రాయొచ్చు, చదవడం మానేయొచ్చు. ఒంటరి ఆడమనిషి మీద చేతికందింది విసిరేవాళ్ళని ఏమనాలి? ఏమనాలో మనకి తెలుసు, నోరే పెగలదు. ముస్లిం నోట ఆ మాట రాగానే, 'చూశారా, వాళ్ళవాడే ఒప్పుకున్నాడు' అంటూ దాన్ని పట్టుకెళ్ళి పంక్చర్లేసుకునే మామూకీ, బీడీలు చుట్టుకునే అమ్మీకీ తగిలించేవాళ్ళు బయట కాచుకునున్నారు. సరే, అనకపోతే? అనకపోతే నేనే ముతఅస్సిబ్‌ని.

అందుకే అంటాను. చేసిన పనిని బట్టి అంటాను, గడ్డాన్ని బట్టి కాదు. 1992 నాటి గుంపునీ అదే మాటతో పిలవమని నా సెక్యులర్ మిత్రుల్ని అడుగుతాను. 'ముతఅస్సిబ్' నోరు తిరగదంటారా, 'అసహనపరుడు' అనండి, ఫర్వాలేదు. గురుద్వారా మాటని మాత్రం గురుద్వారాకి తిరిగిచ్చెయ్యండి.