పిల్లల బొమ్మలు - పెద్దల చెయ్యి

ప్రాథమిక పాఠశాల పిల్లలచేత కదిలే బొమ్మల చిత్రాలు తీయించడం సాధ్యమా అన్నది ఈనాడు ప్రశ్నే కాదు. 1963లోనే అమెరికాలోని లెక్సింగ్టన్‌లో వైవోన్ ఆండర్సన్ ఎల్లో బాల్ వర్క్‌షాప్ ప్రారంభించి చిన్న పిల్లలచేత యానిమేషన్ చిత్రాలు తీయించింది. ఇప్పుడు ఒక ఫోను వుంటే ఏ పల్లెటూరి బడిలోనైనా తీయించవచ్చు. నన్ను వేధిస్తున్న ప్రశ్న వేరు. పిల్లలు తీసిన చిత్రాన్ని పెద్దవాడు దిద్దవచ్చునా? దిద్దిన తరువాత అది ఎవరి చిత్రం?

ఇది చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. కాని శ్రమకూ, శ్రమ ఫలితానికీ గల సంబంధం గురించి వేదికలమీద గట్టిగా మాట్లాడే మనం, తరగతి గదిలో అడుగు పెట్టగానే దాన్ని మరిచిపోతూ వుంటాం. నేనూ మరిచిపోయాను.

నేను అయిదో తరగతి పిల్లలచేత ఒక చిత్రం తీయించాను. పాత శుభలేఖల అట్టలు కత్తిరించి, కాళ్లూ చేతులూ విడివిడిగా చేసి, కీళ్ల దగ్గర దారంతో ముడివేశారు. మన తోలుబొమ్మలవారు ఎంతోకాలంగా చేస్తున్నదీ ఇదే. తేడా ఒక్కటి వుంది. తోలుబొమ్మ ఆడించేవాడి చేతిలో అప్పటికప్పుడు కదులుతుంది. ఇక్కడ బొమ్మను రవంత జరిపి ఒక ఫోటో, మళ్లీ రవంత జరిపి ఇంకొక ఫోటో తీయాలి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. ఒక్కొక్క ఫోటోను రెండేసి ఫ్రేములు నిలిపితే సెకనుకు 12 ఫోటోలు సరిపోతాయి. అంటే నిమిషానికి 720.

ఒక పిల్ల, తన తల్లి కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని కొండ దిగి రావడం తీసింది. ఆ ఒక్క నడకకు 96 ఫోటోలు అయినాయి. తెరమీద ఎనిమిది సెకన్లు. తీయడానికి రెండు రోజులు పట్టింది.

చిత్రాన్ని ఒక పోటీకి పంపదలిచాం. మూడు నిమిషాలు మించకూడదని నిబంధన. మాది నాలుగు సెకన్లు మించింది. ఆ రాత్రి ఇంట్లో కూర్చుని, ఆ నడకలో ఒకటి విడిచి ఒకటిగా ఫోటోలు తీసివేశాను. 48 మిగిలాయి. నడక చురుగ్గా, చూడముచ్చటగా వుంది. మర్నాడు చూపిస్తే పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల మాత్రం కొట్టలేదు.

"మా అమ్మ మోపెత్తుకుని అంత బేగి నడవదు సార్" అంది.

నేను తీసివేసింది ఫోటోలే అనుకున్నాను. నిజానికి తీసివేసింది మోపు బరువు. అట్టముక్కకు బరువు లేదు. అది ఎంత నెమ్మదిగా కదిలితే చూసేవాడికి అంత బరువుగా కనిపిస్తుంది. ఆ బరువును ఆ పిల్ల 96 సార్లు తన చేత్తో జరిపి సంపాదించింది. నేను పది నిమిషాల్లో, ఆమెతో చెప్పకుండా, దాన్ని దింపేశాను. మోపు మోయనివాడికి నడక చురుగ్గా వుంటేనే అందంగా కనిపించడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఈ సంగతి చెబితే మిత్రులు రెండు రకాలుగా వాదించారు. దిద్దకపోతే ఇక ఉపాధ్యాయుడు ఎందుకని కొందరు. పిల్లల సృష్టిని అసలు ముట్టుకోకూడదని మరికొందరు. రెండో వాదన వినడానికి ఉదారంగా వుంటుంది. కాని మొదటి వారంలో నేను పిల్లలకు పూర్తి స్వేచ్ఛ ఇచ్చి చూశాను. తొమ్మిదిమంది తీస్తే ఏడుగురి బొమ్మలు పిడికిళ్లతో పొడుచుకుని ఆకాశంలోకి ఎగిరిపోయాయి. అది టీవీ కార్టూన్ల నుంచి వచ్చిన కదలిక. ఇతరుల కదలిక తప్ప వేరొకటి తెలియని వాడికి స్వేచ్ఛ ఇచ్చామనడం ఆత్మవంచన. కదలిక ఎలా తయారవుతుందో తెలిసిన తరువాతనే ఆ పిల్ల తన తల్లి నడకను గమనించి తీయగలిగింది. కాబట్టి నేర్పవలసిందే, అవసరమైతే దిద్దవలసిందే. తేలవలసింది ఎలా దిద్దాలన్నది.

ఫ్రెంచి ఉపాధ్యాయుడు సెలెస్టిన్ ఫ్రెనే మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తులకు గాయమై, ఎక్కువసేపు మాట్లాడలేని స్థితిలో పల్లెటూరి బడికి వచ్చాడు. 1924లో ఆయన తరగతిలో చిన్న అచ్చుయంత్రం పెట్టాడు. పిల్లలు తమ అనుభవాలు రాసి, తామే టైపు కూర్చి అచ్చు వేసేవారు. ఆ రాతలను ఫ్రెనే దిద్దకుండా వదలలేదు. ఏ రచన అచ్చు కావాలో పిల్లలే ఓటు వేసి నిర్ణయించేవారు. దాన్ని తరగతి అంతా కలిసి, రాసినవాడి ఎదుటనే దిద్దేది. నేను దిద్దింది రాత్రి, ఒంటరిగా. తేడా అంతా ఇక్కడే వుంది.

పరిశ్రమలో ఈ తేడాకు తావు లేదు. 1937 నాటి డిస్నీ చిత్రం 'స్నోవైట్'లో బొమ్మలకు సిరాగీతలు గీసి రంగులు నింపిన స్త్రీల పేర్లు తెరమీద కనిపించవు. 1941లో ఆ స్టూడియో కార్మికులు సమ్మె చేశారు. అక్కడ కనీసం జీతం వుంది, సంఘం వుంది. మన తరగతిలో ఉపాధ్యాయుడు దర్శకుడై, పిల్లలు బొమ్మలు జరిపే చేతులై, బహుమతి బడికి దక్కితే, మనం నడిపినది జీతం లేని చిన్న స్టూడియో తప్ప బడి కాదు.

మర్నాడు నేను తరగతిలో నా తప్పు ఒప్పుకున్నాను. 96 ఫోటోలూ తిరిగి పెట్టాం. నాలుగు సెకన్లు ఎక్కడ తగ్గించాలన్న లెక్కను నల్లబల్లమీద వేసి పిల్లలకే వదిలాను. వాళ్లు చాలాసేపు వాదించుకుని మొదటి దృశ్యాన్ని తీసివేశారు. అది సూర్యోదయం. నేను చెప్పి పెట్టించినది. కొంచెం బాధ కలిగిన మాట నిజం. కాని ఈసారి తీసివేత నా ఎదుటనే, కారణం చెప్పి, జరిగింది.

చిత్రానికి బహుమతి రాలేదు. నెమ్మదిగా వుందని అనుకున్నారేమో, నాకు తెలియదు. బహుమతి వచ్చినంత మాత్రాన నా వాదన బలపడేదీ కాదు. పిల్లలకు బొమ్మ కదిలించడం నేర్పేవాడు తన చెయ్యి ఎప్పుడు, ఎవరి ఎదుట కదులుతున్నదో చూసుకోవాలి. ప్రజల అనుభవాన్ని ప్రజల తరఫున రాస్తున్నామనుకునే రచయితలం కూడా ఆ పిల్ల మాటను ఒకసారి మనకు అన్వయించుకోవడం మంచిది.